బాండీ ఒలింపిక్స్‌లో ఎందుకు లేదంటే, 2022 కన్నా ముందు 1956 చూడాలి

మిలానో కోర్టినా వింటర్ ఒలింపిక్స్ అయ్యాయో లేదో ఐస్ మీద ఆడే బాండీని ఒలింపిక్స్‌లో ఎందుకు పెట్టరన్న గొడవ మళ్ళీ మొదలైంది. నాలుగేళ్ళకోసారి వచ్చే గొడవే, కానీ ఈసారి మంట కొంచెం ఎక్కువుంది. 2030లో ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో జరిగే వింటర్ ఒలింపిక్స్‌లోకి సైక్లోక్రాస్ (బురద దారుల్లో సైకిల్ రేసు), క్రాస్ కంట్రీ పరుగు తేవాలని ఒక ఆలోచన నడిచింది, రెండూ బురదలో మట్టిలో ఆడేవి, ఒలింపిక్ చార్టర్ చూస్తేనేమో వింటర్ ఆట అంటే మంచు మీద గానీ ఐస్ మీద గానీ ఆడేదే అని రాసుంది. వింటర్ ఆటల ఫెడరేషన్లు 2025 నవంబర్‌లోనే ఇది మాకు ఇష్టం లేదని గట్టిగా చెప్పేశాయి. దాంతో బాండీ అభిమానులకి ఎక్కడ కాలాలో అక్కడ కాలింది, వందేళ్ళ పైబడి ఐస్ మీదే ఆడుతున్న ఆట బయట నిలబడుంటే మట్టిలో పరిగెత్తేవాళ్ళకి పిలుపా అని. స్కీ మౌంటెనీరింగ్ 2026లో కొత్తగా చేరింది కూడా, అది ఇంకో మంట.

ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. ఫుట్‌బాల్ గ్రౌండ్ అంత ఐస్, పదకొండు మంది ఒకవైపు, పదకొండు మంది ఇంకోవైపు, కాళ్ళకి స్కేట్లు, చేతిలో వంకర కర్ర, ఐస్ హాకీలో వాడే పక్ అనే రబ్బరు బిళ్ళ బదులు చిన్న బంతి, నలభై ఐదేసి నిమిషాలు రెండు హాఫ్‌లు. గోల్‌కీపర్‌కి కర్ర ఉండదు, చేతులే. కార్నర్ వచ్చినప్పుడు చూడాలి దీన్ని. డిఫెన్స్ వాళ్ళంతా గోల్ లైన్ మీద వరసగా వంగి నిలబడతారు, మూల నుంచి బంతి కదలగానే ఆ వరస మొత్తం ఒక్కసారిగా షూటర్ మీదకి దూసుకెళ్తుంది, వాళ్ళు చేరేలోపు అతను కొట్టేయాలి, కొట్టిన బంతికి ఎదురుగా పరిగెత్తుకొస్తున్నది మనుషులే. ఇంగ్లండ్ చిత్తడి నేలల్లో పుట్టిందని, 1882లో టెబ్బట్ అనే ఆయన రూల్స్ రాశాడని, 1891లో అసోసియేషన్ పెట్టుకున్నారని, ఆ కథ ఎక్కడ చూసినా దొరుకుతుంది, ఇప్పటి గొడవకి దాంతో పనిలేదు.

పని ఉన్నది 1946 నుంచి 1956 దాకా ఉన్న పదేళ్ళతో. నన్నడిగితే బాండీ తలరాత ఆ పదేళ్ళలోనే రాసేశారు, రాసింది ఐఓసీ (అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ) కాదు, బాండీ ఆడే దేశాలే.

అభిమానుల వెర్షన్ ఏంటంటే, కెనడా హాకీకి, అంటే ఐస్ హాకీకి, డబ్బుంది, టీవీ ఉంది, ఐఓసీ దాన్నే ముద్దు చేసింది, మమ్మల్ని తొక్కేసింది అని. ఇందులో కొంచెం నిజం ఉంది, కాదనను. కానీ 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో ఐస్ హాకీ మొదటిసారి పెట్టినప్పుడు స్వీడన్ పంపించిన జట్టు చూడండి. దాదాపు అందరూ బాండీ ఆటగాళ్ళే, పక్‌తో ఆడిన అనుభవం ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. స్టాక్‌హోంలో సినిమా వ్యాపారంలో ఉన్న రవూల్ లే మాట్ అనే అమెరికన్ వెంటపడి ఆ జట్టుని తయారు చేయించాడు. ఆడటం సరిగ్గా రాకుండానే వెళ్ళి నాలుగో స్థానంలో వచ్చారు. ఇవాళ్టికీ స్వీడన్ హాకీ చాంపియన్లకి ఇచ్చే కప్ మీద అతని పేరే ఉంటుంది. అంటే ఒలింపిక్స్ తలుపు తెరిచి కనపడగానే స్వీడన్ బాండీవాళ్ళు కర్ర మార్చుకుని లోపలికి వెళ్ళిపోయారు, ఎవరూ తొయ్యలేదు.

సోవియట్ యూనియన్‌లో ఇదే ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ బాండీకి రష్యన్ హాకీ అనే పేరుండేది, అప్పట్లో ఉత్త హాకీ అంటే కూడా అదే, పక్ ఆటని కెనడా హాకీ అనేవాళ్ళు. 1946 డిసెంబర్‌లో కెనడా హాకీలో దేశ చాంపియన్‌షిప్ మొదలుపెట్టారు. ఆడింది ఎవరు? వేసవిలో ఫుట్‌బాల్, చలికాలం బాండీ ఆడేవాళ్ళే. వ్సెవొలొద్ బొబ్రోవ్ అలాంటివాడే, తర్వాత కోచ్‌గా లోకమంతా పేరు తెచ్చుకున్న తరాసోవ్, చెర్నిషోవ్ కూడా ఆ గూటి పక్షులే. ఎనిమిదేళ్ళు తిరగకుండానే 1954లో స్టాక్‌హోంలో వరల్డ్ చాంపియన్‌షిప్‌కి మొదటిసారి వచ్చి కెనడాని 7–2తో కొట్టి కప్ పట్టుకెళ్ళారు. పెద్ద ఐస్ మీద దూరంగా పాస్‌లిచ్చుకుంటూ, ఆగకుండా స్కేట్ చేస్తూ ఆడే బాండీ అలవాటే ఆ కొత్త హాకీకి బలం అయ్యింది.

ఇప్పుడు ఒక రెండేళ్ళు వెనక్కి, 1952 ఓస్లో. బాండీని ఒలింపిక్స్‌లో ఎగ్జిబిషన్ ఆటగా పెట్టింది అక్కడే, ఆ ఒక్కసారే. వచ్చింది మూడు జట్లు, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్. ఫిన్లాండ్ నార్వేని కొట్టింది, నార్వే స్వీడన్‌ని కొట్టింది, స్వీడన్ ఫిన్లాండ్‌ని 4–0తో కొట్టింది, తలా ఒకటి గెలిచారు, గోల్స్ తేడాతో స్వీడన్ ఫస్ట్. మంచి టోర్నమెంటే, కానీ బాండీ అందరికంటే ఎక్కువగా ఆడే దేశం అందులో లేదు, సోవియట్ వాళ్ళు ఇంకా వింటర్ ఒలింపిక్స్‌కే రావట్లేదు. వాళ్ళు మొదటిసారి వచ్చింది 1956లో, కోర్టినాకి. వచ్చి ఏం చేశారు? బొబ్రోవ్ కెప్టెన్‌గా ఐస్ హాకీ గోల్డ్ కొట్టారు, కెనడాని 2–0తో ఓడించి మరీ. ఐఓసీ దగ్గర బల్ల గుద్ది మా రష్యన్ హాకీని కూడా పెట్టండి అని అడగగలిగిన ఒకే ఒక్క పెద్ద దేశానికి ఆ రోజుతో అడగాల్సిన అవసరం తీరిపోయింది, ఐస్ హాకీలో గోల్డ్ వస్తుంటే బాండీ కోసం ఎవరు తిరుగుతారు చెప్పండి.

అందుకే బాండీ అంతర్జాతీయ సమాఖ్య పుట్టిన తేదీ చూస్తే నాకు కొంచెం జాలేస్తుంది. 1955 ఫిబ్రవరి, స్టాక్‌హోం. సోవియట్ యూనియన్, స్వీడన్, ఫిన్లాండ్, నార్వే, నలుగురే. ఐస్ హాకీ సమాఖ్య 1908లోనే పుట్టింది, అంటే దాదాపు అర్ధ శతాబ్దం ఆలస్యం, ఈలోగా బాండీలో తూర్పు వాళ్ళ రూల్స్ వేరు, స్కాండినేవియా రూల్స్ వేరు, ఒకళ్ళతో ఒకళ్ళు ఆడాలంటే ముందు రూల్స్ కలపాలి. కలిపారు, 1957లో హెల్సింకీలో మొదటి వరల్డ్ చాంపియన్‌షిప్ పెట్టారు, మూడే జట్లు, సోవియట్ గెలిచింది. ఆ తర్వాత 1979 దాకా జరిగిన ప్రతీదీ సోవియట్టే గెలిచింది, మొత్తం పదకొండు వరసగా. స్వీడన్ మొదటిసారి గెలవడానికి 1981 దాకా ఆగాల్సొచ్చింది, అదీ ఖబరోవ్‌స్క్‌లో, సోవియట్ గడ్డ మీద. ఇప్పటిదాకా మగాళ్ళ కప్ చూసిన జట్లు మూడే రకాలు, సోవియట్ లేదా రష్యా, స్వీడన్, ఒక్కసారి 2004లో ఫిన్లాండ్.

ఒలింపిక్స్ ఆశ మళ్ళీ లేచింది 2000ల్లో. 2001లో ఐఓసీ తాత్కాలిక గుర్తింపు ఇచ్చింది, 2004లో పూర్తి గుర్తింపు. అదే సందులో సమాఖ్య పొట్టిపేరు కూడా ఐబీఎఫ్ నుంచి ఎఫ్ఐబీకి మార్చుకోవాల్సొచ్చింది, ఎందుకంటే ఆ మూడక్షరాలు అప్పటికే బ్యాడ్మింటన్ వాళ్ళవి (కొన్నేళ్ళకి బ్యాడ్మింటన్ వాళ్ళే ఆ పేరు వదిలేసుకున్నారు, అది వేరే కథ). 2005లో రష్యాకి చెందిన బోరిస్ స్క్రిన్నిక్ ప్రెసిడెంట్ అయ్యాడు, 2022 దాకా ఉన్నాడు. పాత ఒలింపిక్ చార్టర్‌లో వింటర్ ఆట చేరాలంటే కనీసం 25 దేశాల్లో, మూడు ఖండాల్లో ఆడుతుండాలని ఉండేది, ఎఫ్ఐబీ సభ్యుల లిస్టు ఆ అంకె దాటేలా పెరగడం యాదృచ్ఛికం అని నేననుకోను. మన ఇండియా కూడా ఆ లిస్టులో ఉంది తెలుసా? కానీ వరల్డ్ చాంపియన్‌షిప్‌లో మాత్రం ఆడింది లేదు. లద్దాఖ్‌లో ఐస్ ఉంది, కుర్రాళ్ళూ ఉన్నారు, వాళ్ళు ఆడేది ఐస్ హాకీ.

అలాగని అదంతా కాగితాల మీది పెరుగుదల అంటే అన్యాయం అవుతుంది. స్వీడన్‌లోని బోర్లెంగె ఊళ్ళో ఉన్న సోమాలీ శరణార్థి కుర్రాళ్ళు స్కేట్లు కట్టుకుని, పడుతూ లేస్తూ నేర్చుకుని, 2014లో ఇర్కుట్‌స్క్‌లో సోమాలియా పేరుతో వరల్డ్ చాంపియన్‌షిప్ ఆడారు. జర్మనీ చేతిలో 22–0తో ఓడిపోయారు, అయినా జనం లేచి చప్పట్లు కొట్టారు, ఆ ఒక్క జట్టు వల్ల బాండీ పేరు విన్నవాళ్ళు ప్రపంచంలో ఎంతమందో. ఆడవాళ్ళ వరల్డ్ చాంపియన్‌షిప్ 2004లో మొదలైంది, 2018లో చైనాలోని చెంగ్డేలో పెట్టారు, అదే ఏడు మగాళ్ళ బి గ్రూప్‌ని హార్బిన్‌లో ఆడించారు. బీజింగ్ 2022 మీద కన్నేసి చేసిన పనే అది, ఫలించలేదు. అంతకుముందు 2014 సోచీ ఒలింపిక్స్‌కీ ఆశపడ్డారు, రష్యా సొంత గడ్డ మీద కూడా కుదరలేదు. 2011లో కజకిస్తాన్‌లో జరిగిన ఆసియా వింటర్ గేమ్స్‌లో బాండీ ఉందని గొప్పగా చెప్పుకుంటారు, నిజమే, కజకిస్తాన్‌కి గోల్డ్, మంగోలియాకి సిల్వర్, కిర్గిజిస్తాన్‌కి బ్రాంజ్. వచ్చిందే ఆ ముగ్గురు. 2017లో సప్పోరోలో గేమ్స్ జరిగేసరికి బాండీ లేదు. 2019లో క్రాస్నోయార్‌స్క్‌లో యూనివర్సిటీ గేమ్స్‌లో పెట్టారు, అది రష్యా ఊరు కాబట్టి, తర్వాతి గేమ్స్ అమెరికాలో లేక్ ప్లాసిడ్‌లో, అక్కడ మళ్ళీ లేదు.

చూశారుగా వరస, రష్యా పక్కనో రష్యా లోపలో అయితే ఉంటుంది, బయటికెళ్తే మాయం.

దీనికి ఐస్ కూడా ఒక కారణం, పెద్ద కారణమే. హాకీ రింక్ 60 మీటర్లకి 30, అంటే 1800 చదరపు మీటర్లు. బాండీకి 100కి 60 అనుకుంటే 6000, మూడు రెట్లు పైనే. అంత ఐస్‌ని కరెంటుతో గడ్డకట్టించి, దాని మీద కప్పు వేసి నడపడం చిన్న క్లబ్ వల్ల అయ్యే పని కాదు. స్వీడన్‌లో మొదటి ఇండోర్ హాల్ 2003లో గానీ రాలేదు, ఎడ్స్‌బిన్ అనే చిన్న ఊళ్ళో. ఆరుబయట అయితే మంచు కురిసినప్పుడల్లా ఆట ఆపి ట్రాక్టర్లతో ఊడ్చుకోవాలి. ఖబరోవ్‌స్క్, ఉల్యానోవ్‌స్క్, క్రాస్నోయార్‌స్క్, ఇర్కుట్‌స్క్‌లలో పెద్ద పెద్ద ఇండోర్ అరీనాలు కట్టింది రష్యా ప్రభుత్వ సొమ్ముతో. స్వీడన్ స్టార్లు కొందరు డైనమో కజాన్ లాంటి క్లబ్బులకి ఆడటానికి వెళ్ళింది కూడా అక్కడ జీతాలు బాగుండబట్టే. డబ్బు అటుంది, అరీనాలు అటున్నాయి, 2022 దాకా ప్రెసిడెంట్ కూడా అటువాడే, రష్యా బాండీ సమాఖ్యకి, ఎఫ్ఐబీకి ఒకే మనిషి పెద్దగా ఉండేవాడు. ఆ ఇంటి తీరు ఎలా ఉండేదో 2017 ఫిబ్రవరిలో లోకం చూసింది. రష్యా లీగ్‌లో అర్ఖాంగెల్‌స్క్ వోద్నిక్, ఇర్కుట్‌స్క్ బైకాల్ ఎనెర్గియా ఆడుకుంటే స్కోరు 11–9, ఇరవై గోల్సూ సెల్ఫ్ గోల్సే, గెలిస్తే ప్లేఆఫ్‌లో బలమైన జట్టు తగులుతుందని రెండు జట్లూ ఓడిపోవడానికి పోటీ పడ్డాయి. మ్యాచ్ రద్దు చేసి మళ్ళీ ఆడించారు, కోచ్‌లిద్దరినీ సస్పెండ్ చేశారు.

అందుకని 2022లో జరిగింది నాకు మలుపులా కనపడదు, 1956 బిల్లు ఆలస్యంగా వచ్చినట్టు కనపడుతుంది. ఆ ఏడు వరల్డ్ చాంపియన్‌షిప్ రష్యాలో సిక్తివ్‌కార్‌లో జరగాలి, అంతకుముందే కోవిడ్ వల్ల వాయిదాలు పడుతూ వచ్చింది. ఉక్రెయిన్ మీద దాడి మొదలైన కొద్ది రోజుల్లోనే స్వీడన్, ఫిన్లాండ్, నార్వే, అమెరికా మేము రాము అనేశాయి, రష్యాని పక్కన పెట్టారు, టోర్నమెంటే ఎగిరిపోయింది, ఏడాది తిరగకుండా ప్రెసిడెంట్ కూడా మారాడు. తర్వాత 2023లో వెక్షో, 2024లో కార్ల్‌స్టాడ్, రెండూ స్వీడన్ ఊళ్ళే, రెండుసార్లూ ఫైనల్ స్వీడన్, ఫిన్లాండ్ మధ్యే, రెండూ స్వీడనే గెలిచింది.

రష్యాని మళ్ళీ కలుపుకోవాలా అన్న దగ్గర ఇప్పుడు రెండు వాదనలు నడుస్తున్నాయి. రష్యా లేకుండా వరల్డ్ కప్ ఏంటి, సగం ఆట పోయింది, ఒలింపిక్స్ మాట కూడా మర్చిపోండి అనేది ఒకటి. రెండోది నార్డిక్ దేశాల్లో వినపడేది, నాకు ఎక్కువ బరువుగా అనిపించేది కూడా ఇదే. పదిహేడేళ్ళు ప్రెసిడెంట్ రష్యావాడే, అరీనాలు రష్యావే, సొంతగడ్డ మీద సోచీ ఒలింపిక్స్ కూడా జరిగాయి, అప్పుడే పని కాలేదు, ఇప్పుడు వాళ్ళు తిరిగొస్తే ఐఓసీ మనసు ఎలా మారుతుంది? పైగా యుద్ధం మాట పక్కన పెట్టి ఆట మాత్రమే మాట్లాడదాం అంటే అక్కడ ఎవరూ వినే స్థితిలో లేరు, ఫిన్లాండ్‌కి రష్యాతో 1300 కిలోమీటర్ల పైన సరిహద్దు ఉంది మరి.

స్వీడన్‌కైతే ఒలింపిక్స్ లేకపోయినా నడిచిపోతుంది. 2013లో స్టాక్‌హోంలో కప్పున్న ఫుట్‌బాల్ స్టేడియంలో లీగ్ ఫైనల్ పెడితే దాదాపు 38 వేలమంది వచ్చారు. క్రిస్మస్ మర్నాడు ఊరూరా బాండీ మ్యాచ్‌కి వెళ్ళడం అక్కడ పండగలో భాగం, ఫ్లాస్కులో వేడి కాఫీ పోసుకుని చలిలో నిలబడి చూస్తారు. ఒలింపిక్స్ కావాల్సింది మంగోలియాకి, ఎస్టోనియాకి, అమెరికాలో మినియాపొలిస్ దగ్గర ఒక్క చోట గట్టిగా ఆడుకుంటున్న క్లబ్బులకి. ఒలింపిక్ ఆట అయితేనే చాలా దేశాల్లో ప్రభుత్వం డబ్బిస్తుంది, డబ్బొస్తేనే ఆరువేల చదరపు మీటర్ల ఐస్ వస్తుంది, ఐస్ ఉంటేనే జట్లు పెరుగుతాయి, జట్లు పెరిగితేనే ఐఓసీ చూస్తానంటుంది. 2030 లిస్టు మీద మాట్లాడేవాళ్ళెవరూ ఈ ముడి దగ్గరికి రావట్లేదు, సైక్లోక్రాస్‌ని తిట్టుకుంటూ కూర్చున్నారు.