నియంత రాజ్యంలో ప్రేమకథలు: నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

నవలలు ఎడిట్ చేయడం నా పని. కొత్తవాళ్ళ రాతప్రతులు చదివి ఎక్కడ బిగువు ఉంది, ఎక్కడ తేలిపోయింది చెప్తాను, అనువాదాలు సరిచూస్తాను. ఈ మధ్య నియంత పాలనలో ప్రేమకథ అంటూ వచ్చే రాతప్రతులు పెరిగాయి. చాలావాటిలో నియంత గోడమీద క్యాలెండర్ బొమ్మలా ఉంటాడు, ప్రేమకథ మాత్రం ఏ ఊళ్ళో ఏ కాలంలో పెట్టినా అలాగే నడిచేలా ఉంటుంది. రాసేవాళ్ళనే అని లాభం లేదు, చదివేవాళ్ళకీ ఈ రకం నవలల మీద కొన్ని గట్టి నమ్మకాలున్నాయి. ఉదాహరణలన్నీ స్టాలిన్ కాలపు సోవియట్ యూనియన్ నుంచే ఇస్తాను. ముఖ్యంగా రెండు నవలలు: లిదియా చుకోవ్‌స్కయా రాసిన చిన్న నవల సోఫియా పెత్రోవ్నా, వసీలీ గ్రాస్‌మన్ రాసిన పెద్ద నవల లైఫ్ అండ్ ఫేట్. కథలు చెప్పేస్తాను, ముందే హెచ్చరిస్తున్నా.

అపోహ: రాజ్యం బయట ఉంటుంది, తలుపేసుకుంటే ప్రేమికులిద్దరూ స్వేచ్ఛగా ఉంటారు

అన్నిటికంటే పెద్ద అపోహ ఇదే, అందుకే దీని మీద ఎక్కువసేపు ఆగుతాను. తలుపేసుకున్నా రాజ్యం లోపలే ఉంటుంది, మాటవరసకి అనడం లేదు, చట్టప్రకారమే చెప్తున్నా. 1936లో గర్భస్రావాన్ని నిషేధించారు, అది మళ్ళీ చట్టబద్ధం అయింది 1955లో. 1947లో విదేశీయుల్ని పెళ్ళి చేసుకోవడాన్ని నిషేధించారు, స్టాలిన్ పోయాక గాని ఆ నిషేధం పోలేదు. 1937 ఆగస్టులో రహస్య పోలీసులకి ఒక ఉత్తర్వు వెళ్ళింది: దేశద్రోహి అని శిక్ష పడినవాడి భార్యని కూడా అరెస్టు చేయాలి, 5 నుంచి 8 ఏళ్ళు చాకిరీ చేయించే ఖైదీల క్యాంపుకి పంపాలి, పిల్లల్ని అనాథాశ్రమాలకి తరలించాలి. భర్త మీద తానే ఫిర్యాదు చేసిన భార్యకి మాత్రం మినహాయింపు! అంటే ఆ దేశంలో ఒక మనిషి భార్యగా ఉండటమే నేరం, ఆ మనిషిని పట్టిచ్చేస్తే నేరం మాఫీ. అలాంటి చోట "నీకోసం ఏమైనా చేస్తాను" అని ఒక పాత్ర చేత అనిపిస్తే ఆ మాటకి ఎంత బరువుండాలో ఆలోచించండి, నా దగ్గరికొచ్చే రాతప్రతుల్లో అది సినిమా డైలాగులా వచ్చి పోతుంది.

పైగా ఆ తలుపు కూడా సొంతం కాదు. నగరాల్లో చాలామందికి ఒక ఫ్లాట్‌లో ఒక గది, వంటిల్లు అందరికీ ఉమ్మడి. పక్కగది మీద కన్నేసిన ఇరుగుపొరుగు రాసిన ఆకాశరామన్న ఉత్తరంతో మనిషి మాయమైపోవచ్చు. ఊళ్ళో ఉండటానికి నివాస పర్మిట్ ఉండాలి, అది లేకపోతే ప్రేమించినవాళ్ళున్న ఊళ్ళో కాపురం పెట్టే వీల్లేదు. గ్రాస్‌మన్ నవలలో జెన్యా అనే ఆమె ఈ పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం మీద పేజీలకి పేజీలు నడుస్తాయి. "ప్రేమకథలో ఈ గుమాస్తాల గొడవెందుకండీ" అని ఒక పాఠకుడు నన్నడిగారు. ప్రేమకథ అక్కడే ఉంది మరి.

జెన్యా కథే చూడండి. పాత బోల్షెవిక్ అయిన భర్త క్రీమొవ్‌ని వదిలేసింది, ఇప్పుడు నొవికొవ్ అనే ట్యాంకుల దళం కమాండర్‌ని ప్రేమిస్తోంది. క్రీమొవ్ రాసిన ఒక వ్యాసాన్ని ఎప్పుడో, తర్వాత స్టాలిన్‌కి బద్ధశత్రువైన ట్రాట్‌స్కీ మెచ్చుకున్నాడట, ఆ సంగతి క్రీమొవ్ భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె ఏదో మాటల్లో నొవికొవ్‌కి చెప్పింది. నొవికొవ్ అమాయకంగా తన దళం మీద పార్టీ తరఫున కన్నేసి ఉంచే కమిసార్‌ దగ్గర అన్నాడు. కొన్నాళ్ళకి మాస్కోలో రహస్య పోలీసుల లుబ్యాంకా జైలులో క్రీమొవ్ ముందు పోలీసు అధికారి సరిగ్గా ఆ విషయమే పెడతాడు. క్రీమొవ్‌కి ఒక్కటే తోస్తుంది: ఈ సంగతి తెలిసింది జెన్యాకొక్కదానికే, పట్టిచ్చింది ఆమే. ఇటు జెన్యా ఏం చేస్తోంది? అరెస్టు వార్త విని, కొత్త ప్రేమని వదులుకుని, మాస్కో వచ్చి, మాజీ భర్తకి పొట్లం అందించడానికి క్యూలో నిలబడుతోంది. ఆ పొట్లం చేరుతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, పంచదార లాంటి నాలుగు వస్తువులు, ఆమె చేతిరాతలో ఒక జాబితా. అది చూశాక గాని ఆమె పట్టివ్వలేదని క్రీమొవ్‌కి తెలియలేదు. నవలలో ఇద్దరూ మళ్ళీ కలుసుకోరు, కౌగిలింతలు లేవు. పడగ్గదిలో నమ్మకంతో చెప్పిన ఒక్క మాట ఎన్ని చేతులు మారి ఎక్కడ తేలిందో చూపించిన ఈ కథని మించిన ప్రేమకథ ఈ రకం నవలల్లో నాకు తగల్లేదు.

ఇది గాల్లోంచి పుట్టింది కాదు. గ్రాస్‌మన్ భార్య ఓల్గాని 1938లో అరెస్టు చేశారు, కారణం ఆమె మొదటి భర్త అప్పటికే "ప్రజాశత్రువు"గా జైలుకెళ్ళడం. గ్రాస్‌మన్ ఆమె ఇద్దరు కొడుకుల్ని తన సంరక్షణలోకి తీసుకుని, రహస్య పోలీసుల అధిపతి యెజొవ్‌కే నేరుగా ఉత్తరం రాశారు, ఆమె చాలాకాలంగా నా భార్య, ఆ మొదటి భర్తతో ఆమెకి సంబంధం లేదని. యెజొవ్ పేరు వింటేనే ఊరంతా వణికే రోజులవి. ఆమె బయటికొచ్చింది. అదే ఉత్తరానికి ఆయన కూడా జైలుకెళ్ళే ప్రమాదం ఉండింది.

అపోహ: ఇలాంటి నవల అంటే చిత్రహింసల సీన్లు, అర్ధరాత్రి బూట్ల చప్పుడు

ఉంటాయి, ఉండాలి కూడా. కానీ భయం ఎక్కువ పేజీలు తీసుకునేది ఆఫీసులో, క్యూలో. సోఫియా పెత్రోవ్నా లెనిన్‌గ్రాడ్‌లో ఒక ప్రచురణ సంస్థలో టైపిస్టు, భర్త పోయిన మనిషి, ప్రభుత్వం అంటే గౌరవం, కొడుకు కోల్యా అంటే ప్రాణం. కొడుకు ఇంజినీరు, వాడి ఫోటో పేపర్లో కూడా పడింది. ఒకరోజు అరెస్టయ్యాడని కబురు. జైలు బయట వందలమంది ఆడవాళ్ళ క్యూలో నిలబడి కూడా ఆవిడ ఏమనుకుంటుందో తెలుసా? వీళ్ళంతా నిజమైన శత్రువుల భార్యలు, తల్లులు, నా కొడుకు విషయంలో మాత్రమే పొరపాటు జరిగింది అని. ఆ క్యూలో ప్రతి ఆడమనిషీ బహుశా అదే అనుకుంటోంది. పుస్తకం మొత్తంలో ఆవిడ ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఉమ్మడి వంటింట్లో పక్కింటివాళ్ళు కిరసనాయిలు దొంగిలించావని అంటారు, అంతే. ఆఫీసులో స్నేహితురాలు నటాషా ఎర్ర సైన్యం అని కొట్టబోయి, రష్యన్‌లో ఒక్క అక్షరం జారి, ఎలుక సైన్యం అని టైపు చేస్తుంది, ఉద్యోగం పోతుంది. ఈ నటాషా మనసులో కోల్యాని ప్రేమించిన పిల్ల, తర్వాత ప్రాణం తీసుకుంటుంది. ఎలుక సైన్యం దగ్గర నవ్వొస్తుంది, రావాలి కూడా. ఈ నవలల్లో నవ్వు ఉండదనే వాళ్ళకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

క్యూ ఎందుకంత ముఖ్యమంటే, పొట్లం తీసుకున్నారా లేదా అన్నదే లోపలి మనిషి గురించి తెలిసే ఏకైక వార్త. తీసుకుంటే బతికున్నట్టు. "పదేళ్ళు, ఉత్తరాలు రాసుకునే హక్కు లేకుండా" అని కిటికీలోంచి చెప్తే చాలాసార్లు మనిషిని అప్పటికే కాల్చేశారని అర్థం, కానీ బయటివాళ్ళకి ఆ సంగతి తెలియదు. చుకోవ్‌స్కయా భర్త మత్వే బ్రాన్‌స్టైన్ భౌతిక శాస్త్రవేత్త, 1938 ఫిబ్రవరిలో కాల్చేశారు, ఆమెకి చెప్పింది ఈ ముక్కే. ఒక ప్రేమకథలో ఇంతకంటే దారుణమైన వాక్యం ఏ రచయితా కల్పించలేడు, దాన్ని ప్రభుత్వమే రాసిపెట్టింది.

అపోహ: కథానాయకుడు ఎదురుతిరగాలి

నాకు వచ్చే రాతప్రతుల్లో హీరో మూడో అధ్యాయంలో ఉపన్యాసం ఇస్తాడు. ఉపన్యాసం ఇచ్చినవాడు నాలుగో అధ్యాయంలో ఉండడు కదా!

గ్రాస్‌మన్ నవలలో ష్ట్రుమ్ అనే యూదు శాస్త్రవేత్తని చూడండి. తప్పు ఒప్పుకోమని ఇన్‌స్టిట్యూట్‌లో అందరూ ఒత్తిడి పెడితే ఒప్పుకోడు, భయపడుతూనే నిలబడతాడు, అరెస్టు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చుంటాడు. మనకి వాడి మీద గౌరవం పెరుగుతుంది. అప్పుడు స్టాలిన్ నుంచి ఫోన్ వస్తుంది, రెండు మంచి మాటలు. ఒక్కరోజులో పోయిన మర్యాదంతా తిరిగొస్తుంది, కారు, పలకరింపులు అన్నీ. ఆ తర్వాత అమాయకుల మీద అబద్ధపు ఆరోపణల్ని సమర్థిస్తూ రాసిన ఒక ఉత్తరం ముందు పెడితే సంతకం పెట్టేస్తాడు. బెదిరింపుకి లొంగనివాడు ఆదరణకి లొంగిపోయాడు. 1953 మొదట్లో యూదు డాక్టర్ల మీద కుట్రకేసు నడిపినప్పుడు గ్రాస్‌మన్ స్వయంగా అలాంటి ఉత్తరం మీద సంతకం పెట్టారు. యెజొవ్‌కి ఉత్తరం రాసిన చెయ్యే అది. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేశాడని ఒప్పుకోలేనివాళ్ళు ఈ రకం నవల రాయకపోవడం మంచిది, ఇది కొంచెం కఠినంగా అనిపించినా నా అభిప్రాయం ఇదే.

అపోహ: ఇవన్నీ సోవియట్‌ మీద పాశ్చాత్యుల ప్రచారం

ఇది మన దగ్గర ఎక్కువ. కారణం అర్థమవుతుంది. మాస్కోలో తెలుగులో అచ్చయి విశాలాంధ్ర కొట్లలో చవగ్గా దొరికిన పుస్తకాలతో పెరిగినవాళ్ళం, గోర్కీ నవల "అమ్మ" చదివి కళ్ళు తుడుచుకున్నవాళ్ళం. ఆ పుస్తకాలు మంచివే, ఇప్పటికీ నా అలమారలో ఉన్నాయి. కానీ అదే గోర్కీ, ఖైదీల చేత తవ్వించిన శ్వేతసముద్రం కాలువని పొగుడుతూ 1934లో వచ్చిన పుస్తకానికి సంపాదకుల్లో ఒకరు. ఆ ప్రచురణ సంస్థల ద్వారా మనకి ఏం వచ్చాయో తెలుసు, ఏం రాలేదో మాత్రం మనం అడగలేదు.

ప్రచారం మాట పూర్తిగా అబద్ధం అనను. రష్యన్ రచయిత పాస్టర్‌నాక్ నవల డాక్టర్ జివాగో రష్యన్ ప్రతిని అమెరికా గూఢచారి సంస్థ అచ్చేయించి 1958లో బ్రస్సెల్స్ ప్రదర్శనలో పంచిపెట్టించింది, ఆ కాగితాలు తర్వాత బయటపెట్టారు కూడా. అయినంత మాత్రాన పాస్టర్‌నాక్ ప్రేమించిన ఓల్గా ఇవిన్‌స్కయా 1949లో అరెస్టయి క్యాంపుకి వెళ్ళడం, ఆయన పోయాక 1960లో రెండోసారి అరెస్టవడం అమెరికావాళ్ళు కల్పించినవి కావు. ఇక గ్రాస్‌మన్ అంటారా, స్టాలిన్‌గ్రాడ్ యుద్ధరంగంలో నెలల తరబడి ఉండి సైన్యం పత్రికకి రాసిన విలేకరి, నాజీలు యూదుల్ని చంపిన ట్రెబ్లింకా గురించి మొదట రాసినవాళ్ళలో ఒకరు. ఆయన తల్లిని 1941లో బెర్దీచెవ్‌లో నాజీలు చంపారు, లైఫ్ అండ్ ఫేట్ అంకితం ఆమెకే. ఆయన్ని ఎవరి ఏజెంటు అంటారు?

దీనికి పక్కదే ఇంకో అపోహ, మనకి ఎమర్జెన్సీ తెలుసు కాబట్టి ఇదంతా తెలిసినట్టే అని. 1975లో సెన్సార్ ఉంది, విరసం వాళ్ళతో సహా చాలామంది జైళ్ళలో మగ్గారు, అది తక్కువేం కాదు. కానీ 1977లో ఓటేసి దించేశాం. 1937 మాస్కోలో నోరు మూసుకుని ఊరుకున్నా సరిపోదు, లేచి చప్పట్లు కొట్టాలి, స్నేహితుణ్ణి కాల్చి చంపమనే తీర్మానానికి చెయ్యెత్తాలి. ఆ తేడా నవలలో పాత్రల ప్రతి చిన్న కదలికలోనూ కనిపించాలి.

అపోహ: గొప్ప రచన అయితే ఎలాగో ఒకలా బయటికొస్తుంది

బయటికొచ్చినవే మనకి తెలుసు కాబట్టి అలా అనిపిస్తుంది. కథారచయిత ఐజాక్ బాబెల్‌ని 1939లో పట్టుకెళ్ళినప్పుడు ఆయన కాగితాలన్నీ మూటగట్టి తీసుకెళ్ళారు, ఆయన్ని కాల్చేశారు, ఆ రాతప్రతులు ఈనాటికీ దొరకలేదు. వాటిలో ఏముందో ఎవరు చెప్పగలరు?

దక్కినవి కూడా వాటంతటవి దక్కలేదు. 1961లో గ్రాస్‌మన్ ఇంటికొచ్చిన రహస్య పోలీసులు లైఫ్ అండ్ ఫేట్ రాతప్రతులతో పాటు కార్బన్ కాగితాలు, టైపు రిబ్బన్లు కూడా పట్టుకుపోయారు. రెండు మూడు వందల ఏళ్ళ దాకా ఇది అచ్చు కాకూడదని పార్టీ పెద్ద సుస్లొవ్ ఆయనతో అన్నాడు. గ్రాస్‌మన్ 1964లో కేన్సర్‌తో పోయారు, అచ్చులో చూసుకోలేదు. స్నేహితులు దాచిన ప్రతిని మైక్రోఫిల్మ్ తీసి దేశం దాటించారు, 1980లో స్విట్జర్లాండ్‌లో వచ్చింది.

చుకోవ్‌స్కయా తన నవలని 1939–40 చలికాలంలో, భర్త పోయిన ఆ రోజుల్లోనే, ఒక బడి నోటుబుక్కులో రాశారు. ఈ నవలలన్నీ తర్వాతెప్పుడో తీరిగ్గా కూర్చుని రాసినవి అనుకునేవాళ్ళు ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. నోటుబుక్కు దాచిన స్నేహితుడు లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో చనిపోయాడు, పోయేముందు దాన్ని సోదరికి అప్పగించాడు. 1960ల మొదట్లో, స్టాలిన్‌ని విమర్శించడానికి కొంచెం వీలు దొరికినప్పుడు, ఒక సోవియట్ ప్రచురణ సంస్థ ఒప్పందం చేసుకుని మళ్ళీ గాలి మారగానే వెనక్కి తగ్గింది. ఆమె ఊరుకోలేదు, మిగతా పారితోషికం ఇవ్వాల్సిందేనని ఆ సంస్థ మీద కోర్టులో కేసు వేసి గెలిచారు! నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ ముక్క మహా ఇష్టం. డబ్బు వచ్చింది గాని పుస్తకం సొంత దేశంలో 1988లో గాని రాలేదు, గ్రాస్‌మన్ నవల కూడా అక్కడ అదే సంవత్సరం పత్రికలో మొదలైంది.

చివరగా అందరూ అడిగే సందేహం, రష్యన్ పేర్లు గుర్తుండవని. ఒకే మనిషిని ఒకరు ముద్దుపేరుతో, ఇంకొకరు తండ్రి పేరు కలిపి, ఆఫీసులో ఇంటిపేరుతో పిలుస్తారు, జెన్యా అన్నా యెవ్గేనియా నికొలాయెవ్నా అన్నా ఒకరే. మొదటి పేజీలు చదివేటప్పుడు ఒక చీటీ మీద రాసుకోండి. లైఫ్ అండ్ ఫేట్ ఇంగ్లీషు ప్రతి చివర పాత్రల పట్టిక ఉంటుంది, అక్కడ ఒక వేలు పెట్టుకుని చదవొచ్చు. దానితో మాత్రం మొదలుపెట్టొద్దు, ఎనిమిది వందల పేజీల పైమాటే. ముందు సోఫియా పెత్రోవ్నా చదవండి, ఒక ఆదివారం చాలు.