తారులో కలిసిన పాత టైరు

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. "మా వీధి రోడ్డు వేసి ఏడాది కూడా కాలేదు, అప్పుడే పగిలిపోయింది. ఎందుకు తాతయ్యా? పాత టైర్లు కలిపితే పగలదని ఎవరో చెప్పారు, నిజమేనా?" అని అడిగారు. నా ఉద్యోగమంతా రోడ్డు పనుల్లోనే గడిచింది కాబట్టి ఈ రెండు ప్రశ్నలూ నాకు చాలా ఇష్టమైనవి. ఉత్తరం కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మనకు పైకి కనిపించే నల్లటి పొర ఒక్కటే రోడ్డు కాదు. అడుగున రోలరుతో తొక్కించిన మట్టి, దాని మీద గ్రావెల్, ఆపైన నీళ్లు కలిపి పరిచిన కంకర, అన్నిటికీ పైన తారు కంకర ఉంటాయి. ఆ చివరి పొర మందం సాధారణంగా 30 నుంచి 50 మిల్లీమీటర్లు. అందులో కూడా తారు నూటికి ఐదారు పాళ్లే, మిగిలినదంతా రాయి, రాతి పొడి. ఆ కాస్త తారు రాళ్లను పట్టి ఉంచగలిగినంత కాలమే రోడ్డు బాగుంటుంది.

ఇక పగుళ్ల సంగతి. లారీ చక్రం వెళ్లినప్పుడల్లా ఈ పొర మన కంటికి కనిపించనంత కొద్దిగా కిందికి వంగుతుంది. వంగినప్పుడు దాని అడుగు భాగం సాగుతుంది. చక్రం దాటిపోగానే మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఇలా లక్షలసార్లు జరిగితే తారు అలిసిపోయి చీలుతుంది. మన విశాఖ పోర్టు నుంచి బొగ్గు, ఎరువులు, కంటైనర్లు వేసుకుని షీలానగర్ వైపు వెళ్లే బండ్లను చూశారుగా? అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పుతూ పరీక్షలు చేశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లు అని వాటిలో తేలింది. అందుకే ఓవర్‌లోడ్ లారీని చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

రెండో శత్రువు ఎండ. మే నెల మధ్యాహ్నం మన నల్ల రోడ్డు వేడి 60 డిగ్రీలు దాటగలదు. ఆ వేడిలో గాలిలోని ఆక్సిజన్ తారులోకి చేరి దాని గుణాన్ని మార్చేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ తారు గట్టిపడి పెళుసుగా తయారవుతుంది. అప్పుడు చక్రం కింద సాగాల్సింది సాగలేక విరుగుతుంది. చక్రాలు నడిచే దారిలో ముందు సన్నటి గీతలు వస్తాయి. తర్వాత అవి ఒకదానితో ఒకటి కలిసి వలలా అల్లుకుంటాయి. వాటిని ఇంజనీర్లు మొసలి పగుళ్లు అంటారు. అక్టోబరు, నవంబరు తుపాన్ల వాన ఆ పగుళ్లలోంచి అడుగుకు దిగుతుంది. కింది మట్టి మెత్తబడుతుంది. బరువు పడ్డప్పుడల్లా నీళ్లతో పాటు సన్నమట్టి పైకి చిమ్ముతుంది. ఆ తర్వాత గుంత పడటానికి ఎన్నాళ్లో పట్టదు.

తారుకు సాగే గుణం ఎక్కువ కాలం నిలిచేలా చేయడానికే రబ్బరు కలుపుతారు. 1960లలో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో చార్లెస్ మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీరు దీని మీద పనిచేశారు. అది అరిజోనా ఎడారి ప్రాంతం, ఎండలు మనకన్నా తీవ్రం. పాత టైర్ల పొడిని వేడి తారులో వేసి, ముప్పావుగంట నుంచి గంటసేపు కలియబెడితే కొత్త గుణాలున్న చిక్కటి పదార్థం తయారవుతుందని ఆయన గమనించారు. అక్కడ జరిగేది కరగడం కాదు. టైరు రబ్బరును తయారీలోనే గంధకంతో కలిపి ఉడికిస్తారు కాబట్టి అది తేలిగ్గా కరగదు. పాయసంలో సగ్గుబియ్యం పాలు పీల్చుకుని ఉబ్బినట్టు, రబ్బరు రేణువులు తారులోని తేలికపాటి నూనెలను పీల్చుకుని ఉబ్బుతాయి. చుట్టూ ఉన్న తారు చిక్కబడుతుంది.

ఈ రబ్బరు తారు సాగాక ఎంత వెనక్కి ముడుచుకుంటుందో తేల్చే పరీక్ష ఒకటి ఉంది, మీకు నచ్చుతుంది. చిన్న అచ్చులో పోసిన తారు ముక్కను నీళ్లలో 15 డిగ్రీల దగ్గర ఉంచి, నెమ్మదిగా 10 సెంటీమీటర్ల దాకా లాగుతారు. తర్వాత కత్తెరతో మధ్యకు కత్తిరించి గంటసేపు కదపకుండా వదిలేస్తారు. మామూలు తారు చాలావరకు లాగినంత పొడవునే ఉండిపోతుంది. రబ్బరు తారు వెనక్కి ముడుచుకుంటుంది. అందులో కనీసం సగమైనా వెనక్కి రావాలని మన దేశంలో నియమం. లారీ దాటాక రోడ్డు చేయాల్సింది కూడా సరిగ్గా ఇదే.

ఇంకో లాభం ఉంది. ఇది చిక్కగా ఉంటుంది కాబట్టి రాళ్ల మీంచి జారిపోదు, ఒక్కో రాయికి మందమైన పూత పట్టించవచ్చు. పూత మందంగా ఉంటే ఆక్సిజన్ లోపలికి చేరడానికి ఎక్కువ కాలం పడుతుంది. పైగా టైరు ఎండకు పాడవకుండా తయారీలో కలిపే కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి పొడి, ఇతర రసాయనాలు ఆ పొడిలోనే ఉంటాయి. పాత పగుళ్లున్న రోడ్డు మీద కొత్త పొర వేస్తే కింది పగుళ్లు మెల్లగా పైకి వస్తాయి. మధ్యలో రబ్బరు తారు చల్లి, సన్నకంకర పరిచి ఒక పొర వేస్తే ఆ లాగుడును అది భరించి పగుళ్లను ఆలస్యం చేస్తుంది.

టైరు పొడి కలిపిన ఈ తారును మన దగ్గర సీఆర్‌ఎంబీ (క్రంబ్ రబ్బర్ మోడిఫైడ్ బిట్యుమెన్) అంటారు. 50, 55, 60 అని రకాలుంటాయి. తారు మెత్తబడే ఉష్ణోగ్రత కనీసం అన్ని డిగ్రీలుండాలని ఆ అంకెల అర్థం. మన ఊరికి ఈ లెక్క ముఖ్యం, ఎందుకంటే ఎండకు మెత్తబడిన రోడ్డు చక్రాల కింద కాలువలా దిగిపోతుంది. మామూలు తారు ఎలాగూ మన మల్కాపురం వైపున్న రిఫైనరీలోనే తయారవుతుంది. ముడిచమురులోంచి పెట్రోలు, డీజిలు తీశాక చివరికి మిగిలేదే అది.

అయితే రబ్బరు కలిపారు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. నిల్వ ఉంచితే రేణువులు ట్యాంకు అడుగుకు దిగిపోతాయి, కాబట్టి కలుపుతూనే ఉండాలి. ఎక్కువ కాచినా పాడవుతుంది. చల్లారితే రోలరు ఎంత తిప్పినా తారు కంకర గట్టిగా అణగదు, అందుకే ప్లాంటు నుంచి వచ్చే లారీ మీద టార్పాలిన్ కప్పి తెస్తారు. మామూలు తారుకన్నా ఎక్కువ వేడి చేయాలి కాబట్టి పొగ కూడా ఎక్కువ. దాని పక్కన నిలబడి పనిచేసే కూలీలకు మాస్కులు, గ్లౌజులు, బూట్లు ఇచ్చి తీరాలి. ఎండలో ఆ వేడి ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

అడుగు పొర సరిగా లేకపోతే రబ్బరు ఏమీ చేయలేదు. మీ వీధిలో జరిగిందీ అదేనని నా అనుమానం. రోడ్డు వేశాక పైపులైను కోసం తవ్వి, మట్టిని పొరలుపొరలుగా తొక్కించకుండా పూడ్చి, పైన తారు పూసేశారు. పగుళ్లు ఆ గోతి అంచుల వెంబడే ఉన్నాయో లేదో ఈసారి వెళ్లేటప్పుడు చూసి నాకు రాయండి.

పాత టైర్ల గురించి కూడా ఒక మాట. పంక్చరు షాపుల వెనక, డాబాల మీద పడి ఉన్న టైర్లలో వాననీళ్లు నిలిచి డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. సంక్రాంతికి కొందరు భోగి మంటల్లో వేస్తారు, ఆ నల్ల పొగ ఊపిరితిత్తులకు విషం. మీరు మాత్రం వేయకండి. పొడి చేసి తారులో కలిపితే అవే టైర్లు రోడ్డుకు పనికొస్తాయి.

మరి అన్ని రోడ్లూ ఇలాగే ఎందుకు వేయరని మీరు తప్పకుండా అడుగుతారు. తారు ఖరీదు పెరుగుతుంది, దానికి తగ్గ ప్లాంటూ అలవాటున్న మనుషులూ కావాలి. స్కూటర్లు, ఆటోలు తప్ప తిరగని సందుకు మంచి కాలువ, గట్టి అడుగు, మామూలు తారు చాలు. పోర్టు రోడ్లకూ హైవేకూ మాత్రం ఆ ఖర్చు పెట్టాలనే నా అభిప్రాయం.

మీ తాతయ్య,
విశాఖపట్నం