ఆరిపోయిందా, ముసుగేసుకుందా? ఎక్స్-రేలలో బ్లాక్ హోల్ జాడ

2018లో జీఆర్ఎస్ 1915+105 అనే బ్లాక్ హోల్ వైపు నుంచి వచ్చే ఎక్స్-రేలు తగ్గడం మొదలైంది. 2019లో మరీ సన్నగిల్లాయి. 1992 ఆగస్టులో గ్రానాట్ ఉపగ్రహం కంటబడినప్పటి నుంచి పాతికేళ్లకు పైగా అది వెలుగుతూనే ఉంది. అలాంటిది ఒక్కసారిగా మసకబారేసరికి ఖగోళ శాస్త్రవేత్తల్లో టెన్షన్ మొదలైంది. ఎందుకంత కంగారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

బ్లాక్ హోల్‌కి సొంత వెలుగు ఉండదు. పక్కన తోడు నక్షత్రం ఉంటే దాని గ్యాస్‌ని లాక్కుంటుంది. ఆ గ్యాస్ తిన్నగా లోపల పడదు. తూము దగ్గర నీళ్లు సుడి తిరిగినట్టు, పళ్లెంలా పరుచుకుని చుట్టూ తిరుగుతుంది. పొరకీ పొరకీ ఒరిపిడి పుట్టి, లోపలి అంచుకి చేరేసరికి వేడి కోటి డిగ్రీల దాకా వెళ్తుంది. మనకి అందే ఎక్స్-రేలు ఎక్కువగా ఆ చివరి మజిలీ నుంచి వచ్చేవే.

చిక్కేమిటంటే భూమి వాతావరణం వాటిని కిందికి రానివ్వదు. అందుకే మొదట్లో రాకెట్లు వేశారు. హంస నక్షత్రమండలంలో ఎక్స్-రేలు చిమ్మే సిగ్నస్ ఎక్స్-1 అలాగే 1964లో దొరికింది. కానీ రాకెట్ వాతావరణం పైన ఉండేది కొన్ని నిమిషాలే. బెలూన్ అయితే గంటల తరబడి ఉంటుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్ఆర్) వాళ్లు 1960ల చివర్లో మన హైదరాబాద్ నుంచి బెలూన్లు ఎగరేసి స్కార్పియస్ ఎక్స్-1 లాంటి ఎక్స్-రే మూలాలను గమనించారు. ఈ సంగతి ఇక్కడ చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అసలు మలుపు 1970 డిసెంబర్ 12న, కెన్యా తీరంలోని వేదిక నుంచి ఎక్స్-రేలు చూసే ఉహురు ఉపగ్రహం ఎగరడంతో వచ్చింది. సిగ్నస్ ఎక్స్-1 వెలుగు సెకనులో చిన్న వంతులోనే ఎగసిపడుతోందని అది చూపించింది. అంత తొందరగా మారాలంటే ఆ వస్తువు చాలా చిన్నదై ఉండాలి. పెద్దదైతే వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకు చేరడానికే అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది.

1971 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంకో వింత జరిగింది. తక్కువ శక్తి ఎక్స్-రేలు పడిపోయి, ఎక్కువ శక్తివి పెరిగాయి. దాదాపు అప్పుడే అంతకుముందు లేని రేడియో సంకేతం అక్కడ మొలిచింది. దాని చోటు కచ్చితంగా తెలియడంతో తోడు నక్షత్రం దొరికింది. అది 5.6 రోజులకోసారి కనిపించని దేని చుట్టూనో తిరుగుతోందని 1972కల్లా తేలింది. లెక్క వేస్తే ఆ కనిపించనిది న్యూట్రాన్ నక్షత్రం (చచ్చిపోయిన పెద్ద నక్షత్రంలో మిగిలే దట్టమైన ముద్ద) కాలేనంత బరువుంది, అంటే బ్లాక్ హోలే అయి ఉండాలి. 2021 కొలతల ప్రకారం దాని బరువు సూర్యుడికి 21 రెట్లు.

అంటే జాడ దొరికింది వెలుగులో కాదు, వెలుగు మారడంలో. పళ్లెం వేడి పైచేయిగా ఉంటే ‘మెత్తని’ దశ అంటారు. పళ్లెం పైన ఉండే పలుచని, మరింత వేడి గ్యాస్ పైచేయి అయితే అది ‘గట్టి’ దశ, ఆ దశలోనే రేడియో జెట్లు, అంటే బయటికి వేగంగా చిమ్మే పదార్థపు ధారలు, నిలకడగా కనిపిస్తాయి. చాలా బ్లాక్ హోల్స్ ఈ రెండు దశల మధ్య వారాలు, నెలల్లో మారతాయి.

జీఆర్ఎస్ 1915 అయితే నిమిషాల్లోనే మారిపోతుంది. 1997లో దాన్ని ఎక్స్-రే, ఇన్‌ఫ్రారెడ్, రేడియోలలో ఒకేసారి చూశారు. ముందు ఎక్స్-రేలు పడిపోతాయి, తర్వాత చటుక్కున ఒక మొన లేస్తుంది. ఆ వెనకే ఇన్‌ఫ్రారెడ్ పెరుగుతుంది, ఇంకాసేపటికి రేడియో. పళ్లెం లోపలి భాగం ఖాళీ అయి, జెట్ బయటికి చిమ్మడాన్ని దాదాపు కళ్లారా చూసినట్టే.

అదే ఏడాది మనవాళ్లూ దాన్నే చూస్తున్నారు. 1996 మార్చి 21న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఐఆర్ఎస్-పి3 భూమిని గమనించే ఉపగ్రహం. దాని మీదే చిన్న ఎక్స్-రే పరికరాలు కూడా పెట్టారు. అందులో కనిపించిన పేలుళ్లు మెల్లగా లేచి, ఠక్కున పడిపోయేవి. న్యూట్రాన్ నక్షత్రాల పేలుళ్లు దీనికి పూర్తిగా తలకిందులు: ఠక్కున లేస్తాయి, మెల్లగా చల్లారతాయి. వాటికి నేల లాంటి ఉపరితలం ఉంది, పడిన పదార్థం అక్కడే మండి నెమ్మదిగా చల్లబడుతుంది. ఇక్కడ చల్లారడానికి ఏదీ మిగల్లేదు. పదార్థం తిరిగిరాని సరిహద్దు దాటిపోయిందనడానికి ఇది ఆధారం కావచ్చని ఆ పరిశోధకులు రాశారు. తిరుగులేని రుజువని వాళ్లే అనలేదు. అయినా మన పరికరం నుంచి వచ్చిన అంత సూటి ఆలోచన నాకు ఇంకొకటి గుర్తుకు రాదు.

2015లో శ్రీహరికోట నుంచే వెళ్లిన ఆస్ట్రోశాట్ కూడా ఈ బ్లాక్ హోల్‌ని పదేపదే చూసింది.

మరి 2018లో ఏమైంది? ఆకలి తీరి ఆగిపోయి ఉంటే రేడియో కూడా తగ్గాలి. తగ్గలేదు, మధ్యమధ్య గట్టిగా ఎగసింది కూడా. ఎక్స్-రే వర్ణపటంలో దట్టమైన గ్యాస్ అడ్డుపడిన గుర్తులున్నాయి. దాన్నిబట్టి అది ఇంకా తింటూనే ఉందని, దగ్గర్లో లేచిన గ్యాస్ తెర వెనక దాక్కుందని చాలామంది పరిశోధకులు అనుకుంటున్నారు.