గీత పడని అద్దం కింద పడితే పగలదా?

"ఫోన్ మీద 9హెచ్ టెంపర్డ్ గ్లాస్ వేయించానండీ, ఇంక పడినా భయం లేదు కదా?" రిపేరు కౌంటర్ దగ్గర పదే పదే వినపడే మాట ఇది. ఆ ధైర్యంతోనే పౌచ్ తీసేస్తారు. తర్వాత వేలు పోసి కాంబో (పై అద్దం, డిస్‌ప్లే కలిసిన భాగం) మార్చుకుంటారు.

అపోహ: గీత పడనంత గట్టి అద్దం పగలదు.

వాస్తవం: గీతను ఆపే గుణం వేరు, దెబ్బను ఓర్చుకునే గుణం వేరు. 9హెచ్ అన్నది పెన్సిల్ పరీక్షలో వచ్చే అంకె. అంత గట్టి పెన్సిల్‌తో గీసినా గీత పడలేదని అర్థం, అంతే. ఖనిజాలను కొలిచే మోస్ స్కేలు వేరు. అందులో నీలమణి 9, ఇసుకలోని క్వార్ట్జ్ 7. మామూలు ఫోన్ అద్దానికి 6 దగ్గరే గీతలు మొదలవుతాయి. నీలమణికి ఇసుకతో గీత పడదు, కానీ అది పెళుసు, పైగా బరువూ ఖర్చూ ఎక్కువ. అందుకే దాన్ని వాచీల మీదా కెమెరా లెన్సుల మీదా చిన్న బిళ్లలుగానే ఎక్కువగా వాడతారు.

చాలా ఫోన్ల తెరకు వాడే గొరిల్లా గ్లాస్ బలం పైపొరలో ఉంటుంది. సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం లవణంలో అద్దాన్ని ముంచితే, అందులోని సోడియం అయాన్లు బయటికి పోయి వాటి చోట పెద్దవైన పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. పైపొర బిగుసుకుంటుంది. అద్దం లాగుడుకు పగులుతుంది, నొక్కుడుకు కాదు. అందుకే ఆ బిగువు పగులును తెరుచుకోనివ్వదు. కానీ ఆ పొర మందం మైక్రాన్లలోనే. కంకర మొన గానీ, జేబులోని ఇసుక చేసిన లోతైన గీత గానీ దాన్ని దాటిందా, తర్వాత చిన్న దెబ్బకే చీలిక పరుగెత్తుతుంది. మేడమెట్ల మీంచి పడి బతికిన ఫోన్ మంచం మీంచి పడి పగలడం వెనక తరచూ ఉండేది ఇదే. మీ తప్పేమీ లేదు, కంగారు పడకండి. 2020లో గొరిల్లా గ్లాస్ విక్టస్‌కు దాని తయారీ సంస్థ కార్నింగ్ చెప్పిన, 2 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకుంటుందన్న లెక్క ల్యాబ్‌లోది, సిమెంటు మెట్టు అంచుకు హామీ కాదు.

టూత్‌పేస్ట్ రుద్దితే గీతలు పోతాయన్నది వట్టి పుకారు. మడత ఫోన్ల లోపలి తెర మీది ఫిల్మ్ స్క్రీన్‌గార్డ్ కాదు, పీకొద్దు.

టెంపర్డ్ గీతల్ని తాను తీసుకుంటుంది, కొంత దెబ్బనూ పంచుకుంటుంది. అంచులకు మాత్రం చాలదు. ఫోన్ బోర్లా పెట్టినా అద్దం బల్లకు తగలనంత ఎత్తు అంచున్న, మూలలు మెత్తగా ఉన్న పౌచ్ కొనండి. ఇసుక, తాళాలు ఉన్న జేబులో ఫోన్ పెట్టకండి. సన్నని పగులు కనిపిస్తే నొక్కి చూడకండి: ముందు ఫొటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీయండి, పైన పారదర్శకమైన టేపు అంటించండి, నీళ్లకు దూరంగా ఉంచి రిపేరుకు ఇవ్వండి.