ముల్లు మీద పావలా పెట్టకండి: టోన్ ఆర్మ్ అపోహలు - వాస్తవాలు

రిపేరుకని నా దగ్గరికొచ్చే టర్న్‌టేబుళ్లలో సగానికి రిపేరే అక్కర్లేదు. మోటారు, బెల్టు బాగానే ఉంటాయి. ముల్లును మోసే చెయ్యి, అంటే టోన్ ఆర్మ్‌ను మాత్రం ఎవరో తోచినట్టు తిప్పి పెట్టి ఉంటారు.

అపోహ: ముల్లు బరువు ఎంత తగ్గిస్తే రికార్డు అంత పదిలం

ముల్లు బరువంటే ముల్లు రికార్డు మీద మోపే భారం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కొత్తలో నేనూ నమ్మాను, బరువు ఒక గ్రాముకు దించి ఒక మంచి ఎల్‌పీని (నిమిషానికి 33 చుట్లు తిరిగే పెద్ద రికార్డు) చేజేతులా పాడుచేసుకున్నాను. స్టీరియో రికార్డు గాడికి రెండు గోడలు, ఒక్కోటి 45 డిగ్రీల వాలు. ముల్లు రెంటికీ ఆనుకునే నడవాలి. బరువు చాలకపోతే పాట గట్టిగా అందుకున్న చోట గోడను వదిలేసి, మళ్లీ వచ్చి గుద్దుకుంటుంది. ముల్లు వజ్రం, గోడ ప్లాస్టిక్. దెబ్బ ఎవరికో వేరే చెప్పాలా? "స", "శ" పలికిన చోటల్లా గరగర మొదలవుతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బీ) పెట్టినా అది పోదు.

ఆర్టోఫోన్ 2ఎం రెడ్ అనే కార్ట్రిడ్జ్‌కి కంపెనీ చెప్పే బరువు 1.8 గ్రాములు, ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2. ఇచ్చిన పరిధిలో మధ్యకో, కాస్త పైకో పెట్టండి, కింది అంచుకు పోవద్దు.

పెట్టేటప్పుడు ముందు యాంటీ స్కేటింగ్ (ఆర్మ్‌ను లోపలికి లాగే బలానికి ఎదురు పట్టే అమరిక) సున్నా చేయాలి. ఆర్మ్ పైకీ కిందికీ వాలకుండా గాలిలో తేలేదాకా దాని వెనకనుండే ఎదురు బరువు, అంటే కౌంటర్‌వెయిట్ తిప్పాలి. అప్పుడు దాని మీది అంకెల రింగును మాత్రమే సున్నాకు తెచ్చి, ఆ తర్వాతే కావలసిన బరువుకు తిప్పాలి. ఈ రింగు సంగతి మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ముల్లు బరువు చూసే చిన్న డిజిటల్ కాటా కొనుక్కుంటే ఈ అనుమానాలే ఉండవు.

అపోహ: పాట ఎగిరిపడుతుంటే పైన నాణెం పెడితే చాలు

రేడియోగ్రామ్‌ల కాలం నాటి అలవాటు ఇది. వాటి సెరామిక్ కార్ట్రిడ్జ్‌లు మొదటినుంచీ బరువుగా నడిచేవే. ఇప్పటి ముల్లు అలా కాదు. పాత పావలా ఒక్కటే రెండున్నర గ్రాములు, అంటే 2 గ్రాముల దాని మీద రెట్టింపుకు పైగా భారం. ముల్లును మోసే సన్నటి కాడ వంగిపోతుంది. పాట ఎగరడానికి ముల్లుకు పట్టిన దుమ్మో, టేబుల్ ఒక పక్కకు వాలడమో కారణం కావచ్చు, ముందు అవి చూడండి.

అపోహ: గాడుల్లేని నున్నటి ప్లేటు మీద ఆర్మ్ కదలకుండా ఉంటే యాంటీ స్కేటింగ్ సరిపోయినట్టే

ఆర్మ్‌ను లోపలికి లాగేది ముల్లుకీ గాడికీ మధ్య రాపిడి. నున్నటి ప్లేటు మీద ముల్లు కొన మాత్రమే ఆనుతుంది, ఆ లెక్క వేరు. ముల్లు బరువు ఎంతో యాంటీ స్కేటింగ్ అంకె కూడా అంతే పెట్టి మొదలుపెట్టండి. గట్టి శబ్దాల దగ్గర కుడి స్పీకర్ ముందుగా చిట్లితే కొంచెం పెంచండి, ఎడమది చిట్లితే తగ్గించండి.

అపోహ: ప్రొట్రాక్టర్ మీద సరిచేశాక ముల్లు అంచు నుంచి లేబుల్ దాకా సూటిగా నడుస్తుంది

ప్రొట్రాక్టర్ అంటే ముల్లు కోణం సరిచూసుకునే గీతల అట్ట. గాడిని కోసిన యంత్రం సరళరేఖలో కదులుతుంది. మన ఆర్మ్ ఒక కీలు చుట్టూ వంపుగా తిరుగుతుంది. ఈ రెండూ అచ్చంగా కలిసేది రెండు చోట్లే. ఇందుకు వాడే బేర్‌వాల్డ్ అనే ఆయన లెక్క ప్రకారం రికార్డు కేంద్రం నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర. మిగతా అంతటా కాస్త తేడా తప్పదు.

పైగా ఎల్‌పీ బయటి అంచున ముల్లు కింద సెకనుకు 51 సెంటీమీటర్ల గాడి నడిస్తే, లోపలికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే పాట అంత తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. అందుకే చివరి పాటలో స్పష్టత తగ్గితే నన్ను తిట్టకండి, సెట్టింగుతో తగ్గించగలను కానీ పూర్తిగా తీసేయలేను.

అపోహ: ప్రతి రికార్డుకీ ఆర్మ్ ఎత్తు మార్చాలి

తొమ్మిది అంగుళాల ఆర్మ్‌లో ముల్లు వాలు ఒక డిగ్రీ మారాలంటే వెనక భాగాన్ని దాదాపు 4 మిల్లీమీటర్లు ఎత్తాలి. రికార్డుల మందంలో అంత తేడా ఎక్కడిది? ప్లేటుకు సమాంతరంగా పెట్టి పాట వినండి.

అపోహ: బరువు పెంచితే తాతగారి పద్యాల ప్లేట్లూ ఇదే ముల్లుతో పాడతాయి

ఆ పాతవి నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్లు. 78 ప్లేటు గాడి వెడల్పు. దాని ముల్లు కొన వ్యాసార్థం సుమారు 0.075 మిల్లీమీటర్లు, ఎల్‌పీ ముల్లుది 0.018. సన్నది గోడలకు ఆనకుండా గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది, బరువు పెంచితే ఇంకా గట్టిగా దొర్లుతుంది. పాత ప్లేయర్లలో కార్ట్రిడ్జ్‌కి తిప్పే మీట ఉండేది, ఒక వైపు 78 అనీ రెండో వైపు ఎల్‌పీ అనీ రాసి. మీ దాంట్లో అది లేకపోతే 78కి వేరే ముల్లు కొని, దాని డబ్బా మీద రాసిన బరువే పెట్టండి.