ఫ్రీజర్‌లో పెట్టిన టెండాన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: గడ్డకట్టించిన టెండాన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) పెళుసుబారి పుటుక్కున తెగిపోతుంది.

మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ (ఎముకను ఎముకతో కలిపే కట్టు) తెగితే చేసే ఆపరేషన్‌కు దాత టెండాన్ అనగానే చాలామందికి పట్టుకునే భయమిది. మన దగ్గర ఎక్కువగా పేషెంట్ సొంత హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) టెండానే తీసి అప్పటికప్పుడు వాడతారు, కాబట్టి చాలామందికి ఈ బెంగే అక్కర్లేదు. మిగతావాళ్లు కూడా కాస్త స్థిమితపడొచ్చు. లాగుడును తట్టుకునేవి కొలాజెన్ పోగులు, కణాలు కావు. గడ్డకడితే కణాలు చచ్చిపోతాయి, పోగులు చాలావరకు నిలుస్తాయి. 1986లో కుందేలు మోకాలి లిగమెంట్లను మైనస్ 20 డిగ్రీల దగ్గర 3 నెలల వరకు ఉంచి లాగి చూస్తే, తెగే లోడ్ గానీ స్టిఫ్‌నెస్ (బిగువు) గానీ చెప్పుకోదగ్గంత మారలేదు. లాగి వదిలే మొదటి కొన్ని సైకిళ్లలో హిస్టెరిసిస్ (ఆ లాగుడులో వృథా అయ్యే శక్తి) మాత్రం తగ్గింది. మనిషి టెండాన్ల మీద చేసిన కొన్ని పరీక్షల్లో బలం కొంత తగ్గిన మాటా నిజమే. అందుకే 'తేడా అస్సలు ఉండదు' అనేవాళ్లనూ నమ్మకండి.

అపోహ: ఫ్రీజర్‌లో ఉందిగా, ఎన్నాళ్లైనా భద్రమే.

ల్యాబుల్లో బలం పరీక్షల కోసం దాచిన శాంపిళ్లకు శాంపిళ్లు పాడయ్యేది ఈ ధీమాతోనే. ఉప్పునీరు పూర్తిగా గడ్డకట్టాలంటే మైనస్ 21 కంటే కిందికి దిగాలి. మైనస్ 20లో పెట్టిన టెండాన్‌లో చిక్కటి ఉప్పు ద్రవం ఇంకా మిగిలే ఉంటుంది, ఎంజైములు నెమ్మదిస్తాయి తప్ప ఆగవు. అందుకే టిష్యూ బ్యాంకులు మైనస్ 20 నుంచి మైనస్ 40 మధ్య 6 నెలలకు మించి ఉంచవు. ఏళ్ల తరబడి దాచాలంటే మైనస్ 40 లేదా అంతకంటే చల్లగా ఉండాలి. ల్యాబ్ అయితే మైనస్ 80 వాడండి.

ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. మంచు పేరుకోకుండా అందులో హీటర్ మధ్యమధ్యలో ఆన్ అవుతుంది. అలా వేడెక్కిన ప్రతిసారీ చిన్న మంచు స్ఫటికాలు కలిసి పెద్దవై పోగుల మధ్య సందులు చేస్తాయి, పైపొర ఎండిపోతుంది. ఎండిన టెండాన్ మాడ్యులస్ (మందంతో సంబంధం లేకుండా చూసే బిగువు కొలత) పెరుగుతుంది, రీడింగ్ చూసి బలంగా ఉందని మురిసిపోతారు. దాన్ని సరిచేద్దామని రాత్రంతా సెలైన్‌లో నానబెడితే ఉబ్బి, అడ్డుకోత వైశాల్యం పెరిగి, మాడ్యులస్ పడిపోతుంది. రెండూ తప్పుడు అంకెలే.

సెలైన్‌లో తడిపి గట్టిగా పిండిన గాజ్ గుడ్డ (కట్లకు వాడే పలచటి నూలు గుడ్డ) చుట్టండి. గాలి తీసిన జిప్ కవర్లో, దాన్ని మరో కవర్లో పెట్టి తేదీ రాయండి. ఏ టెండాన్‌కు ఆ కవరు విడిగా ఉంటే ఒక్కదాని కోసం పదింటిని కరిగించే పని ఉండదు. కరిగించేటప్పుడు కవర్ విప్పకుండా 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. వేడినీళ్లు, మైక్రోవేవ్ వద్దు: 60 డిగ్రీల ప్రాంతంలో కొలాజెన్ ముడుచుకుపోతుంది. కరిగిన రోజే టెస్ట్ చేయాలి, మధ్యలో సెలైన్ చిలకరిస్తూ ఉండాలి. మళ్లీ మళ్లీ గడ్డకట్టించడం గురించి ఫలితాలు ఒకలా లేవు. కొన్నింటిలో 8 సార్లకూ మార్పు కనిపించలేదు, మరికొన్నింటిలో 5 సార్లకే బలం తగ్గింది. రెండుసార్లతో ఆపడం మేలు.

అపోహ: చలికి క్రిములు చస్తాయి.

చావవు. వైరస్‌లు, బ్యాక్టీరియా హాయిగా నిద్రపోతాయి. గ్లవ్స్ తీయకండి. దాతకు రక్తపరీక్షలు, గ్రాఫ్ట్‌కు (ఒంట్లో అమర్చే టెండాన్‌కు) చాలాచోట్ల గామా కిరణాలు అవసరమయ్యేది ఇందుకే. అసలు చలికంటే కిరణాలే టెండాన్‌ను ఎక్కువ దెబ్బతీస్తాయి. డోసు 30 కిలోగ్రే (కిరణాల డోసుకు కొలత) దాటితే బలం స్పష్టంగా తగ్గుతుంది. నీటి నుంచి పుట్టే ఫ్రీ రాడికల్స్ కొలాజెన్‌ను కోస్తాయి. వాటిని తగ్గించడానికి డ్రై ఐస్ మీద ఉంచి కిరణాలు పెడతారు.

అపోహ: ఆపరేషన్ తర్వాత గ్రాఫ్ట్ తెగితే ఫ్రీజర్‌దే తప్పు.

ఒంట్లో పెట్టాక ఏ గ్రాఫ్ట్ అయినా మొదట బలహీనపడి, కొత్త రక్తనాళాలు, కణాలు చేరాక కోలుకుంటుంది. దాత గ్రాఫ్ట్‌కు ఇంకాస్త ఎక్కువ సమయం పడుతుంది, ఆటలాడే కుర్రాళ్లలో అది తెగే అవకాశమూ ఎక్కువ. కాబట్టి సర్జన్‌ను 'ఎన్ని రోజులు ఫ్రీజర్‌లో ఉంది' అని కాదు, 'కిరణాలు పెట్టారా, ఎంత డోసు, నా వయసుకు సొంత టెండాన్ కుదరదా' అని అడగండి.