పికప్ క్యాబిన్‌లో పొగ వాసన: సైలెన్సర్ మార్చే ముందు గాలి దారి చూడండి

పికప్‌లో పొగ వాసన వస్తోందని షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినపడే మాట "సైలెన్సర్ పోయింది, మార్చేద్దాం". మార్చాక కూడా వాసన అలాగే ఉండిపోతే ఆశ్చర్యమేం లేదు. పొగ ఎక్కడ లీకవుతోందో ఒక ప్రశ్న, అది క్యాబిన్‌లోకి ఏ దారిన వస్తోందో ఇంకో ప్రశ్న. రెండోది అడిగేవాళ్లు తక్కువ.

వాసనే కదా, రేపు చూద్దాంలే అనుకోవద్దు. మన ముక్కుకు తగిలేది సరిగ్గా మండని ఇంధనం, ఆల్డిహైడ్లు, నైట్రోజన్ డయాక్సైడ్ లాంటివి. అసలు ప్రాణాలు తీసే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, మనం బయటి గాలిలోకి వచ్చాక కూడా రక్తంలో అది సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. కోవిడ్ అప్పుడు కొన్న ఆక్సీమీటర్ వేలికి పెట్టుకుని 98 చూపిస్తోందని ధీమా పడితే మోసపోతాం, ఎందుకంటే మామూలు ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కేస్తుంది. డీజిల్ ఇంజన్‌లో ఈ వాయువు పెట్రోల్ కంటే తక్కువే గానీ మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. బండిలో ఎక్కితే తలనొప్పి, దిగితే తగ్గడం అనేది వరసగా జరుగుతుంటే బండి ఆపి ముందు దీని సంగతి చూడాలి.

ఇక గాలి దారి. బండి వేగంగా పోతున్నప్పుడు దాని వెనకాల గాలి పీడనం పడిపోతుంది. పికప్‌లో అలాంటి చోట్లు రెండు, సరుకు వేసే బాడీ వెనక ఒకటి, క్యాబిన్ వెనక అద్దం దగ్గర ఇంకొకటి. లోడు మీద పట్టా కట్టారంటే అక్కడ తిరిగే గాలి సుడి ఇంకా మారిపోతుంది, పైపులోంచి వెనక్కి పోవాల్సిన పొగ తిరిగి ముందుకు రావచ్చు. పైగా వాసన వస్తోందని పక్క అద్దం దించుతాం. అద్దం పక్కనుంచి దూసుకుపోయే గాలి క్యాబిన్‌లోని గాలిని బయటికి లాగేస్తుంది, ఆ లోటు తీర్చడానికి వెనక అద్దం రబ్బరు సందుల్లోంచి, కింద బొక్కల్లోంచి గాలి వస్తుంది, దాంతోపాటే పొగా వస్తుంది. అంటే అద్దం దించితే వాసన పెరిగే అవకాశం కూడా ఉంది!

దీన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. అద్దాలన్నీ మూసి, బయటి గాలి వచ్చేలా మీట పెట్టి బ్లోయర్ ఫుల్‌గా తిప్పండి. లోపల పీడనం కాస్త పెరుగుతుంది. వాసన తగ్గితే పొగ వెనక నుంచో కింద నుంచో వస్తున్నట్టు. బ్లోయర్ తిప్పగానే గుప్పుమంటే లీకు బానెట్ కిందే ఉంది, ఎందుకంటే బ్లోయర్ గాలి పీల్చుకునేది ముందు అద్దం కింద అంచు దగ్గరే. ఈ పరీక్షకు రోజంతా ఆ బండిలోనే ఉన్న డ్రైవర్ ముక్కును నమ్మొద్దు, కాసేపటికే ముక్కు వాసనకు అలవాటు పడిపోతుంది. కొత్త మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.

బానెట్ కింద వెతకాలంటే పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వినాలి. అర మీటరు పోత ఇనుప మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకే పైపులోకి చేర్చే భాగం) 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే చలిలో టిక్ టిక్ మన్న సందు వేడెక్కాక మూసుకుపోయి, మధ్యాహ్నం షెడ్డులో మెకానిక్‌కు ఏమీ దొరకదు. జాయింటు మధ్య వేసే ప్యాకింగ్ అంచున నల్లటి మసి గీత కనిపిస్తే దొంగ దొరికినట్టే. టర్బో జాయింటు, ఈజీఆర్ పైపు (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపేది), పైపు మధ్యలో సాగే బెల్లో కూడా చూడండి.

కామన్ రైల్ డీజిళ్లలో (ఒకే గొట్టం నుంచి అన్ని సిలిండర్లకూ ఎక్కువ పీడనంతో డీజిల్ అందే ఇంజన్లు) నా అనుమానం ముందు సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ మీదికే పోతుంది. దాని అడుగున చిన్న రాగి వాషరు ఉంటుంది, అది సరిగ్గా కూర్చోకపోతే మండే వాయువు సిలిండర్‌లోంచి నేరుగా పైకి తన్నుతుంది. చఫ్ చఫ్ మనే శబ్దం, ఇంజెక్టర్ చుట్టూ నల్లగా గట్టిపడిపోయిన మసి, అవే గుర్తు. పాత వాషరే మళ్లీ వేసి బిగించడం, కింద సీటు శుభ్రం చేయకపోవడం వల్ల ఇది తిరగబెడుతుంది. కొత్త వాషరు, సీటు కటింగ్, కంపెనీ చెప్పిన టార్క్ (బిగింపు కొలత), ఇందులో ఏదీ వదలకూడదు.

కింద లీకు తెలియకపోతే, ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారాక వ్యాక్యూమ్ క్లీనర్ గాలి వదిలే వైపు గొట్టాన్ని సైలెన్సర్ పైపుకు తగిలించి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లండి. పంక్చర్ షాపులో ట్యూబు చూసినట్టే, బుడగలొచ్చిన చోటే లీకు. దానికి మామూలు ఎపాక్సీ ముద్ద పెడితే ఆ వేడికి నిలవదు. ప్యాకింగ్ మార్చాలి, ముందురోజే స్టడ్లకు (జాయింటును బిగించే మరలకు) తుప్పు వదిలే నూనె కొట్టాలి, లేకపోతే స్టడ్డు విరిగి వంద రూపాయల పని వేలల్లోకి పోతుంది. మ్యానిఫోల్డ్ ముఖం వంగిందేమో స్టీలు స్కేలు ఆనించి చూడండి.

లీకు కట్టాక క్యాబిన్ సందులు కూడా మూయించండి. గేర్ రాడ్ తొడుగు, వైర్లు దూరే చోట రబ్బరు బిళ్లలు, తలుపు రబ్బరు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే తేలిగ్గా వచ్చేసిన చోట రబ్బరు పోయినట్టే. బాడీ పొడుగు చేయించినవాళ్లు మాత్రం సైలెన్సర్ పైపు కొస ఎక్కడుందో ఒకసారి వంగి చూడండి. బాడీ అంచు దాటి రాకుండా కిందే ఆగిపోయి ఉంటే ఎన్ని ప్యాకింగులు మార్చినా పొగ అక్కడే తిరుగుతుంది. వెల్డింగ్ షాపులో మూరెడు పైపు అతికిస్తే సరిపోతుంది.